మల్లిక్ బజార్‌లో పురికొస

ఆర్‌సీ బుక్కు ప్రకారం మా తాతగారి అంబాసిడర్ 1966 మోడల్. ఆయన మాత్రం మా పెద్దత్త పెళ్లినాటికే కారు ఇంట్లో ఉందనేవారు. ఆ పెళ్లి 1962లో జరిగింది. ఇందులో ఏది నిజమో తేల్చుకుందామని, పనిలో పనిగా కింగ్ పిన్ సెట్టూ డోర్ రబ్బర్లూ తెచ్చుకుందామని రాజమండ్రిలో ఫలక్‌నుమా ఎక్కాను. ఆ రాత్రీ మర్నాటి పగలూ రైల్లోనే గడిచిపోయాయి.

కలకత్తాలో పార్క్ స్ట్రీట్ చివర మల్లిక్ బజార్. సంతలో మునక్కాయ కట్టల్లా సైలెన్సర్ గొట్టాలు, తోరణాల్లా బంపర్లు, గంపల నిండా బేరింగులు. కాలు పెట్టగానే కిరసనాయిలు వాసన. ఇంత ఇరుకులోనూ ఎవరూ విసుక్కోలేదు. ఒక దుకాణంలో లేకపోతే అతనే లేచి వచ్చి పక్క దుకాణం చూపించాడు. అలా నాలుగో చోట దొరికాడు ఆ పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. అందరూ చాచా అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

చాసిస్ నంబరుకు తీసిన పెన్సిల్ అచ్చు ఆయన చేతిలో పెట్టాను. చూసి, మడిచి, తిరిగిచ్చేశాడు.

“ఇది తరవాత చూద్దాం బేటా. ఇంజిన్ చూపించు.”

ఫోన్లో ఉన్న ఫొటో తెరిచాను. స్క్రీనుకు తగలకుండా వేలితో చూపించాడు. ప్లగ్గులు హెడ్‌కు పక్కన ఉన్నాయి, అంటే వాల్వులు పైనున్న ఇంజిను. తొలి అంబాసిడర్లకు పాత సైడ్ వాల్వ్ ఇంజిను ఉండేది. ఈ 1489 సీసీది 1959లో వచ్చింది. “ఇంజిను మార్చకపోయి ఉంటే మీ బండి అంతకు ముందుది కాదు” అన్నాడు.

బానెట్ ఫొటో చూసి మాత్రం పెదవి విరిచాడు. గ్రిల్లు దగ్గరదగ్గర గళ్లది, మార్క్ 2ది. ఆ మోడల్ 1963లో వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. తాతగారి మాట తప్పేనా?

అప్పుడు గుర్తొచ్చింది. పెయింటు గీకుతున్నప్పుడు గ్రిల్లు చుట్టూ ఎప్పుడో పూడ్చేసిన నాలుగు బెజ్జాలు బయటపడ్డాయి. మా మేస్త్రీ వాటి మధ్య దూరానికి సరిగ్గా పురికొసకు ముళ్లు వేసి, ఎందుకైనా మంచిదని నా జేబులో పెట్టాడు. ఆ పురికొస తీసిచ్చాను. చాచా ఏమీ అనకుండా నిచ్చెనెక్కి, అటక మీంచి దుమ్ము కొట్టుకున్న మార్క్ 1 గ్రిల్లు దించి, లుంగీ అంచుతో తుడిచాడు. పురికొస ఒక కొస తను పట్టుకుని రెండోది నాకిచ్చాడు. మొదటి ముడి బెజ్జం మీద పడింది. రెండోదీ పడింది. నాలుగూ పడ్డాయి.

“ఎవరో మూతి మార్చారు” అన్నాడు.

కాగితం మీది సంవత్సరం చాలాసార్లు బండి చేతులు మారి, ఊరు మారి, మళ్లీ రిజిస్టరైన సంవత్సరమట. అలాంటి బుక్కులు ఆయన బోలెడు చూశాడు. ఆ గ్రిల్లుకు అడిగినంతా ఇచ్చేశాను. ఆ మనిషితో బేరమాడ బుద్ధి కాలేదు. కింగ్ పిన్ సెట్టు అక్కడే దొరికింది, రబ్బర్లు దొరకలేదు.

మధ్యాహ్నం ఆ కూడలిలోనే బిర్యానీ తిన్నాను. అందులో బంగాళాదుంప ఏమిటని మనవాళ్లు మొహం చిట్లిస్తారు గానీ, మాంసం రసమంతా పీల్చుకున్న ఆ దుంప కోసమే మరో ప్లేటు చెప్పాను.

మర్నాడు గ్రిల్లు గోనెపట్టాలో చుట్టుకుని హౌరాలో లోకల్ ఎక్కాను. ఉత్తర్‌పాడా దాటగానే హింద్‌మోటర్. కార్ల కంపెనీ పేరే స్టేషన్ పేరు. హిందుస్థాన్ మోటార్స్‌ను 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలుపెట్టి, 1948లో ఇక్కడికి తరలించారు. 2014 మేలో ఇక్కడ అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. మా కారు పుట్టిన నేల ఇదే. వచ్చే రైలూ పోయే రైలూ చూస్తూ, మట్టి ముంతలో టీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

అక్కణ్నుంచే పెద్దత్తకు ఫోన్ చేశాను.

“కారు పాత మూతి దొరికిందత్తా.”

“దానికే కదరా బంతిపూల దండ కట్టారు. ధవళేశ్వరం దాటేసరికి ఇంజిను వేడికి వాడిపోతే, మీ తాతయ్య కారాపి తోటలో పూలు కొనుక్కొచ్చి మళ్లీ కట్టించారు. ముహూర్తం దాటిపోతుందని మా అమ్మ ఒకటే గోల.”