చిల్లు తొట్టి

యూనియన్ డబ్బుతో కొన్న వస్తువుకు యూనియన్ సంచికలోనే లెక్క చెప్పడం న్యాయం. సంపాదకవర్గం వారు "ఏదైనా వ్రాసి ఇవ్వండి" అన్నప్పుడు, కవిత్వం వ్రాసే శక్తి నాకు లేదు కనుక, మా జువాలజీ లాబరేటరీ మూలనున్న ఉప్పునీటి తొట్టి కథ వ్రాస్తున్నాను. డిసెంబరులో ఒకరోజు తెల్లవారేసరికి ఆ లాబ్ నేలంతా నీళ్లెందుకు నిలిచాయో మీలో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమంది మర్యాదస్తులు కనుక నా పేరు బయట పెట్టలేదు. తప్పు నాదే.

క్రిందటేడు మాస్టారు మమ్మల్ని భీమిలి వైపు తీసుకువెళ్లి, ఆటు వేళ రాళ్ల మధ్య మిగిలిన మడుగులు చూపించారు. పొలంలో పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే ఉప్పు, కెరటం, తుఫాను. అరచేతి వెడల్పు మడుగులో అంత ప్రపంచం ఉంటుందని అప్పటిదాకా తెలియదు. తిరుగు బస్సులోనే నలుగురం కమిటీగా ఏర్పడ్డాం. పగడాల దిబ్బ మీద బతికే జీవులను కాలేజీలోనే పెంచి చూపాలన్నది సంకల్పం. పగడాలు మాత్రం వద్దని మాస్టారు ముందే చెప్పారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకు 2001 నుంచి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. సముద్రంలోంచి ముక్క విరిచి తెస్తే అది ప్రాజెక్టు కాదు, నేరం. కనుక దిబ్బ ఆకారంలో పేర్చిన రాళ్లు, హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, కాస్త సముద్రపు నాచు. అంతవరకే మా సామ్రాజ్యం.

ఇక తొట్టి కొనాలి. దుకాణంలో రెండు రకాలు చూపించారు. రెండూ 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. ఒకటి మామూలు తొట్టి. రెండోదానికి వెనుక అద్దంలో పైభాగాన రెండు చిల్లులు, వాటికి లోపలివైపు దువ్వెన పళ్లలాంటి గాట్లున్న చిన్న గాజు గది. ధరలో తేడా దాదాపు 4 వేలు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో చిల్లుపడిన కుండకు సున్నం బొట్లు పెట్టి చేలో దిష్టికి కడతారు. ఎదురు డబ్బిచ్చి చిల్లు కొనుక్కోవడం ఎక్కడైనా ఉందా? "యూనియన్ సొమ్ము, జాగ్రత్తగా ఖర్చుపెట్టాలి" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఒక మిత్రురాలు మాత్రం "చిల్లున్నదే తీసుకుందామే" అంది. ఒకరికి ముగ్గురం. ప్రజాస్వామ్యం గెలిచింది.

అసలు చిల్లు ఎందుకో చెప్పాలి. ఉప్పునీటి తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. మనం ఇళ్లల్లో అనే సంపు లాంటిదే. పై తొట్టిలో మట్టం దాటిన నీరు సంపులోకి దిగుతుంది. అక్కడ మడ్డి, నురగ తీసేసుకుని, పంపు ఆ నీటిని తిరిగి పైకి పంపుతుంది. నీటి మీద తేలే జిడ్డు ముందుగా కిందికి పోతుంది కనుక లోపలికి గాలి, వెలుతురు బాగా అందుతాయి. పై మట్టం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఎండకు ఆవిరైన నీటి లోటు సంపులోనే కనబడుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కనుక ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. ఇది తెలియక సముద్రపు నీరే పోస్తూ పోతే కొన్నాళ్లకు తొట్టి ఉప్పుమడి అవుతుంది.

నీరు పైనుంచి కిందికి దిగడానికి దారులు రెండు. అద్దంలో చిల్లు ఒకటి. చిల్లు లేని తొట్టికైతే అంచు మీదుగా వంపు గొట్టం వేసి సైఫన్ పద్ధతిలో దించడం రెండోది. డ్రమ్ములోంచి ఇంజనుకు డీజిలు తీయడానికి గొట్టం నోట పెట్టి పీల్చిన అనుభవం నాకుంది. డీజిలు రుచి ఇంకా గుర్తే. అంచేత సైఫన్ గురించి నాకొకరు చెప్పేదేమిటన్న ధీమా. అంచుకు తగిలించే పెట్టె, వంపు గొట్టం కొని తెచ్చి బిగించాం. రెండు నెలలు భేషుగ్గా నడిచింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మిగిల్చిన 4 వేల గురించి చెప్పాను.

సైఫన్‌కు ఒక గుణం ఉంది. గొట్టం నిండా నీరున్నంతసేపే అది గొట్టం. వంపు దగ్గర గాలి చేరిందా, అది ఉత్త ప్లాస్టిక్కు. పొదుపులో పొదుపుగా చిన్న పంపు కొన్నాం. ప్రవాహం జోరుగా లేకపోవడంతో నీటిలోని సన్న బుడగలు కొట్టుకుపోక వంపు మీద చేరేవి. వారానికి రెండుసార్లు ఆ గాలిని పీల్చి తీసేయాలి. ఆ పని నాది. పరీక్షలొచ్చాయి. తొమ్మిది రోజులు నేను అటు చూడలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగింది. గొట్టంలో ప్రవాహమూ ఆగింది. వంపు మీది గాలి నీటి దారిని రెండుగా తెంపేసింది. రెండు గంటల వేళ కరెంటు వచ్చింది. పంపు తన పని తాను మొదలుపెట్టింది. పైనుంచి కిందికి రావలసిన నీరు మాత్రం రాలేదు. లెక్క చాలా సులభం. తొట్టి ఉపరితలం 120 సెంటీమీటర్లు 45తో గుణిస్తే 5,400. అంటే మట్టం ఒక సెంటీమీటరు పెరగడానికి 5.4 లీటర్లు. అంచుకు మాకు మిగిలి ఉన్నది 3 సెంటీమీటర్లు, అంటే 16 లీటర్లు. సంపులోంచి పంపు తోడగలిగినది 40. మిగతా 24 లీటర్లు లాబ్ నేల మీదికి వచ్చాయి. ఈ లెక్క నేను అక్టోబరులో వేసి ఉండాల్సింది. జనవరిలో వేశాను.

నీళ్లు పోతే పోయాయి. తొట్టి కింద నేల మీదే ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాం. లాబ్‌లో దీపం ఎందుకు ఆరిందా అని వాచ్‌మన్ తాత వట్టి కాళ్లతో ఆ నీళ్లలో నడిచాడు. అప్పటికే ట్రిప్పరు పడిపోయి ఉంది కనుక ఈ వ్యాసం ఇలా నవ్వుతూ వ్రాయగలుగుతున్నాను. మర్నాడు తాత "ఏటి పాపా, సముద్రాన్ని లోపలికి తెచ్చీసినారు" అన్నాడే గాని ఇంకొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అడుగు బీరువాలోని ఫస్టియర్ వాళ్ల రికార్డులు ఉప్పునీళ్లలో నానిపోయాయి. చేపలు రెండూ ఏమీ జరగనట్టే తిరుగుతున్నాయి.

సంక్రాంతికి ఊరు వెళ్లాను. విజయనగరం వైపు, చెరువు కింద రెండెకరాల వ్యవసాయం మాది. నాన్న అన్నం తింటూ అంతా విని, చేయి కడుక్కుని, "రా" అని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాడు.

"చెరువుకి ముందు గట్టు ఏస్తారేటమ్మా? అలుగు ఎక్కడో సూసుకున్నాకే గట్టు ఏస్తారు."

"నీళ్లు పోతాయని భయం వేసింది నాన్నా."

"అలుగుంటే నీళ్లు పోతాయి. అలుగు లేకపోతే చెరువే పోద్ది."

నాకు 2014 అక్టోబరు 12 గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. నేనప్పుడు చిన్నపిల్లను. విరిగిన కొమ్మలన్నీ కొట్టుకొచ్చి అలుగుకు అడ్డం పడితే, నాన్నా ఇంకొందరూ నడుముకు తాడు కట్టుకుని కత్తులతో నరికి తీశారు. పొలంలోకి నీళ్లు పెట్టుకునే మదుము వేరు, మితిమీరినది పోయే అలుగు వేరు అని మా ఊళ్లో పశువులు కాసే పిల్లవాడికీ తెలుసు. నాకూ తెలుసు. కాని అది ఊరి సంగతి, ఇది సైన్సు అనుకున్నాను. నాన్న మాట పుస్తకంలో ఉన్నట్టుంటే అక్టోబరులోనే వినేదాన్నేమో. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

తిరిగి వచ్చి మాస్టారితో తొట్టికి చిల్లు పెడదామన్నాను. ఆయన ఒకటే అడిగారు: "ఏ గాజు?" గట్టిపరచిన గాజుకు బిట్ తగిలితే చిల్లు పడదు, తొట్టే ముక్కలు ముక్కలవుతుంది. మామూలు గాజుకే చిల్లు పెట్టగలం. ఫిజిక్స్ వారిని బతిమాలి రెండు పోలరాయిడ్ పలకలు తెచ్చి, అద్దానికి అటొకటి ఇటొకటి పెట్టి చూశాం. గట్టిపరచిన గాజైతే లోపలి ఒత్తిడి వల్ల మచ్చలు, రంగులు కనబడతాయి. మా అడుగు పలకలో కనబడ్డాయి. వెనుక పలకలో లేవు. బతికాం.

చేపలను గాలి గొట్టంతో బకెట్టులోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి, వెల్లకిలా పడుకోబెట్టాం. గాజు పనిచేసే ఆయన వచ్చి, చిల్లు చోట చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి నీళ్లు పోశాడు. ఆ నీళ్లలోనే వజ్రపు పొడి అంటించిన గుండ్రటి బిట్‌ను నెమ్మదిగా తిప్పాడు. నొక్కితే పగులుతుందట, తొందరపడితే వేడెక్కుతుందట. ఒక అంగుళం పైపుకు గాజులో సుమారు 45 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. అంచుకూ చిల్లుకూ మధ్య కనీసం అంతే దూరం ఉండాలి. అలాంటివి రెండు. రెండోది ఎందుకంటే, ఒకదానికి నత్త అడ్డం పడితే రెండోది కాపాడాలి. ఆ అరగంటా నలుగురమూ మాట్లాడుకోలేదు. గుండ్రటి గాజు బిళ్ల విడిపడి చేతికొచ్చాక ఊపిరి పీల్చుకున్నాం. ఆ బిళ్ల ఒకటి ఇప్పుడు నా పెన్నుల డబ్బాలో ఉంది.

ఈసారి లెక్క ముందే వేశాం. పంపు ఆగితే, పైకి పంపే గొట్టమే సైఫన్ అయి నీటిని వెనక్కి దించుతుంది. దాని మూతి 10 సెంటీమీటర్ల లోతున ఉంటే 54 లీటర్లు సంపులోకి వచ్చి పడతాయి. అందుకని ఆ గొట్టానికి నీటి మట్టం కిందనే చిన్న రంధ్రం పెట్టాం. మట్టం కాస్త దిగగానే గాలి పీల్చి సైఫన్ తెగిపోతుంది. నన్ను ముంచిన గాలే ఇక్కడ కాపలా. కావాలని పదిసార్లు మెయిన్ ఆపి, వేసి చూశాం. ప్రతిసారీ తొట్టిలో రెండున్నర సెంటీమీటర్లు దిగి, సంపులో 5 సెంటీమీటర్లు పెరిగి ఆగింది. బోర్డును గోడకు ఎత్తుగా బిగించాం. పదోసారి వాచ్‌మన్ తాతనే స్విచ్చి వేయమన్నాను. వేసి, నేల వంక చూసి, నవ్వాడు.

మొత్తం ఖర్చు, కాలిన పంపుతో కలిపి, మిగిల్చిన 4 వేలను దాటింది. ఇది యూనియన్‌కు నేను చెప్పవలసిన లెక్క.

మామూలు తొట్టి పనికిరాదని నేననడం లేదు. సంపు అక్కర్లేని చిన్న తొట్టికి, ఏడాదికోసారి గది మారేవారికి అదే మేలు. అంచుకు తగిలించే ఫిల్టరు చాలు. కాని సంపు పెట్టదలచిన వారు చిల్లు ముందే పెట్టించుకోండి. నీళ్లు నిండాక పెట్టే చిల్లుకు బకెట్లు, బంకమట్టి, బోలెడు భయం అదనం. చిల్లున్న తొట్టికైనా కాపలా తప్పదు. దువ్వెన గాట్లకు నాచు పడుతుంది. వారానికోసారి తోమకపోతే అలుగుకు కొమ్మలు అడ్డం పడినట్టే.

తడిసిన రికార్డుల వాళ్లతో కలిసి నాలుగు ఆదివారాలు లాబ్‌లో కూర్చున్నాను. వాళ్లు బొమ్మలు మళ్లీ వేశారు, నేను గీతలు కొట్టి, పెన్సిళ్లు చెక్కి ఇచ్చాను. మాస్టారు మళ్లీ సంతకాలు పెట్టారు. ఒకమ్మాయి మాత్రం పాత రికార్డే ఉంచుకుంది. దాని పుటల మీద ఉప్పు తెల్లగా మెరుస్తుంది. "బాగుంది కదక్కా" అంటుంది.

వచ్చే ఏడు నేనుండను. గాట్లు తోమే పని ఎవరు తీసుకుంటారో యూనియన్ నోటీసు బోర్డులో పేరు వ్రాయండి. పరీక్షల వారంలో ఆ పని చేసే రెండోవారి పేరు కూడా, దయచేసి.