జబ్బు తీరినా అప్పు తీరలేదు

ఫజ్ర్ నమాజు ముగించుకొని మేము ఆదిలాబాద్ బస్టాండుకు చేరేసరికి హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. సాయంత్రానికి కరీంనగర్ చేరాలి. అక్కడ కొందరు మిత్రులు జకాత్ నిధి పంపిణీ గురించి మాట్లాడుకుందామని పిలిచారు. ఆర్మూర్ దాకా ఈ బస్సులో వెళ్లి, అక్కడ బస్సు మారాలని మా ఆలోచన.

మా ముందు సీటులో ఒక సోదరి స్కాన్ ఫిల్ముల సంచిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. ముప్ఫయి ఐదేళ్లు దాటి ఉండవు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ నయమై రెండేళ్లయిందని, పరీక్షకు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్తున్నామని భర్త చెప్పారు. 1955లో నెలకొన్న ఆ ప్రభుత్వ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరైన ఆయన పేరు ఈనాటి మన పిల్లలలో ఎందరికి తెలుసో! ఆదిలాబాద్ నుంచి అక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు.

“ఆరోగ్యశ్రీ ఉంది కదా, మీకు ఖర్చేమిటి అంటారు భాయ్‌సాబ్” అన్నారాయన. 2007లో మొదలైన ఆ పథకం కింద తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతున్నది. అది చిన్న మేలు కాదు. వీరి ఆపరేషన్‌కు అదే ఆధారమైంది. అయితే అది ఆసుపత్రి బిల్లును చూస్తుంది, ఇంటి పొయ్యిని చూడదు. బస్సులో ఆమెకు టికెట్టు లేదు, ఆయనకు ఉంది. పత్తి మార్కెట్‌లో హమాలీ పని చేసే ఆయనకు ఈ ప్రయాణంతో రెండు రోజుల కూలి పోతుంది. ఆమె కుట్టుమిషను మూలన పడింది. ఆపరేషన్ జరిగిన వైపు చేయి వాస్తున్నది, గంటసేపు కుడితే రాత్రంతా నొప్పి.

ఆసుపత్రి ధ్రువపత్రం ఉంటే చికిత్సకు, పరీక్షలకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైలు స్లీపర్ క్లాసులో పూర్తి రాయితీ, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉందని మేము చెప్పాము. ఆదిలాబాద్ నుంచి సికింద్రాబాద్ మీదుగా కృష్ణా ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది. రెండేళ్లుగా తిరుగుతున్నా ఈ సంగతి వారికెవరూ చెప్పలేదట. ఆయన కాగితం తీసి మా చేత రాయించుకున్నారు.

మహబూబ్ ఘాట్ మలుపులు దిగి, నిర్మల్ దాటి, సోన్ వంతెన మీద గోదావరిని చూస్తూ వెళ్లాము. ఆర్మూర్‌లో వారికి సలాం చెప్పి దిగి, మెట్‌పల్లి బస్సెక్కాము.

మెట్‌పల్లిలో ఆగడానికి కారణముంది. మూడేళ్ల కిందట అక్కడి ఒక యువకుడి వైద్యానికి రమజాను మాసంలో మేము కొంత సొమ్ము పోగుచేసి పంపాము. లింఫ్ గ్రంథుల క్యాన్సర్. అతనికి అప్పుడు ఇరవై మూడేళ్లు, దుబాయిలో ఎలక్ట్రీషియన్. నయమైందని తెలిసి అల్హందులిల్లాహ్ అనుకున్నాము. ఆ తర్వాత ఒక్కసారైనా ఫోను చేయలేదు. దీనికి సాకు చెప్పదలచుకోలేదు.

వాకిట్లో తల్లి చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. ఇటువైపు ఎన్నో ఇళ్లు బీడీల మీద, గల్ఫ్ మీద నడుస్తాయి. ఆ ఇంట్లో రెండో ఆధారం తెగిపోయింది. ఒంట్లో బలం రాగానే అతడు మళ్లీ వీసా తెచ్చుకున్నాడు. ప్రయాణానికి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. గల్ఫ్ దేశాల ఉమ్మడి నియమావళిలోని అనర్హతల జాబితాలో క్యాన్సర్ కూడా ఉంది. “ఇక్కడి డాక్టరు నయమైందంటాడు చాచా, అక్కడి కాగితం అన్‌ఫిట్ అంటుంది” అని నవ్వాడు. ఆ నవ్వుకు మేము తల వంచుకున్నాము. వీసాకు తెచ్చిన అప్పు వైద్యానికి తెచ్చిన అప్పు మీద చేరింది. ఇప్పుడు బావ మొబైల్ దుకాణంలో కూర్చుంటున్నాడు. కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయిందని తల్లి చెప్పబోతే, వద్దన్నట్లు చూశాడు.

ముసలివారికి జబ్బు చేస్తే కొడుకులుంటారు. ఇరవైలలో ఉన్న కొడుక్కే చేస్తే, ఇల్లు తన సంపాదన పోగొట్టుకొని అతని అప్పు మోయాలి.

సూరె తౌబా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. వారిలో రుణభారంతో క్రుంగినవారూ ఉన్నారు. మంచం మీది రోగికి మన చేయి వెంటనే జేబులోకి వెళ్తుంది. తలమీద జుట్టు తిరిగి మొలిచి, దుకాణంలో నిలబడ్డ కుర్రవాడు మన కంటికి అర్హుడిగా కనిపించడు. పైగా అతడు అడగడు.

మేమే అడిగాము, ఎంత అప్పు ఉందని. చాలాసేపు మాట్లాడలేదు. తల్లి లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చారు. ముందు పేజీలలో అప్పిచ్చినవారి పేర్లు, వెనుక పేజీలో స్కాన్ తేదీలు. ఆరు నెలలకొకటి, ఐదేళ్లు నిండేదాకా.

రోడ్డు మీద కరీంనగర్ బస్సు హారన్ మోగింది. “వెళ్లండి చాచా, మళ్లీ బస్సుకు ఆలస్యమవుతుంది” అన్నాడు. దానిని పోనిచ్చి, మేము పుస్తకం మొదటి పేజీ తెరిచాము.