"నిఖత్‌లా ఉండు" అని నేనన్న మాట

ఈసారి నా తప్పు గురించే రాస్తున్నాను.

2022 మే నెల. ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. స్టాఫ్‌రూమ్‌లో స్వీట్లు పంచాం. అంతకు రెండు నెలల ముందే కర్ణాటక హైకోర్టు కాలేజీల్లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. ఆ సంగతి స్వీట్లు తింటున్నప్పుడు మాకెవరికీ గుర్తు రాలేదు.

ఆ వారమే మా బీఏ రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు నా దగ్గరికొచ్చింది. మంచి కబడ్డీ రైడర్. జెర్సీ లోపల ఫుల్ హ్యాండ్స్, కింద ట్రాక్ ప్యాంటు, స్కార్ఫ్ చివర్లు జెర్సీలోకి దోపుకుని ఆడేది. సెలక్షన్లకు వెళ్తే ఒకాయన స్కార్ఫ్ తీసేస్తేనే కోర్టులోకి రమ్మన్నాడట. ఏ రూల్ అని అడిగితే జవాబు లేదు. ఆడకుండానే బస్సెక్కి వచ్చేసింది.

నేనేం చేయాలి? ఆ రూల్ ఏదో నేనూ అడగాలి. అడగలేదు. ఓదార్పుగా, "నిఖత్‌ని చూడమ్మా, ఆమె కూడా ముస్లిమే కదా. నిఖత్‌లా ఉండు" అన్నాను.

కాసేపు తల దించుకుంది. తర్వాత అంది: "నిఖత్ అక్క షార్ట్స్ వేసుకుంటనంటే వాళ్ల అబ్బా సరే అన్నడు సార్. నేను స్కార్ఫ్ కట్టుకుని ఆడతనంటే మీరెందుకు సరే అంటలేరు?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పీజీలో ఉన్నప్పుడు ఒక ప్రొఫెసర్ నా పేపర్ మెచ్చుకుంటూ, "నిన్ను చూస్తే ఎస్సీ అనిపించదయ్యా" అన్నాడు. ఆయన దృష్టిలో అది పొగడ్తే. మన వాడను గుమ్మం బయట వదిలేసి వస్తేనే లోపలికి రానిచ్చే పొగడ్త. పదేళ్ల తర్వాత అదే పొగడ్తను నేను ఆ పిల్ల చేతిలో పెట్టాను.

అప్పుడు నిఖత్ కథను మళ్లీ చదివాను. కలెక్టరేట్ గ్రౌండ్‌లో అన్ని ఆటల్లో అమ్మాయిలున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని తండ్రిని అడిగిన పిల్ల. ముఖం కమిలి ఇంటికొస్తే, ఈమెను ఎవరు చేసుకుంటారని తల్లి బెంగపడింది. పొట్టి బట్టలని చుట్టాలు సణిగారు. తీరా ప్రపంచాన్ని గెలిచి వస్తే విలేకరులు హిజాబ్ మీద ఏమంటావని అడిగారు. నా ఎంపిక నాది, వాళ్ల ఎంపిక వాళ్లది అన్న అర్థంలో చెప్పింది. నేను ఆ పిల్లకు చూపించిన నిఖత్ ఆ పిల్ల మాటే మాట్లాడింది.

గెలిచి నేలకు మొక్కిన ఆటగాణ్ని, చేతికి ఎర్రదారం కట్టుకున్న క్రీడాకారిణిని మతాన్నీ ఆటనూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న కొందరికే. 2005లో సానియా మీర్జా స్కర్టు మీద ఫత్వా వచ్చింది. 2014లో ఆమెను తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌ను చేస్తే పాకిస్తాన్ కోడలని ఇక్కడి బీజేపీ నాయకుడే అన్నాడు. 2021లో ఒలింపిక్స్ సెమీస్‌లో మన హాకీ జట్టు ఓడితే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. అంతకు నాలుగు రోజుల ముందే ఆమె హ్యాట్రిక్ కొట్టింది.

బయటి దేశాల్లోనూ ఇదే. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో హిజాబ్‌తో ఆడనివ్వకపోతే ఖతార్ బాస్కెట్‌బాల్ అమ్మాయిలు ఆడకుండా వెళ్లిపోయారు. 2017లో ఆ రూల్ మారింది. రూల్ మార్చినందుకు బాస్కెట్‌బాల్ ఏం ఆగిపోలేదు. 2024 పారిస్‌లో ఫ్రాన్స్ తన రన్నర్ సుంకాంబా సిల్లాను ప్రారంభోత్సవానికి హిజాబ్‌తో రానివ్వలేదు, టోపీ పెట్టుకుని వచ్చింది. ఇరాన్ క్లైంబర్ ఎల్నాజ్ రెకాబీ 2022లో సియోల్‌లో హిజాబ్ లేకుండా ఎక్కితే ఏమవుతుందోనని లోకమంతా భయపడింది. ఒకచోట తియ్యమంటారు, ఒకచోట కట్టమంటారు. అమ్మాయిని మాత్రం అడగరు.

ఇది స్కార్ఫ్‌కు వకాల్తా కాదు. ఇంట్లో బలవంతం మీద కట్టుకునే అమ్మాయిలున్నారు. తీసేసి ఆడతానని రేపు ఒకరొస్తే ఆమె పక్కనా నిలబడాలి. ఆడాలనుకున్న మనిషి ఆడాలి, అంతే.

ఆ అమ్మాయి మళ్లీ సెలక్షన్లకు వెళ్లలేదు. డిగ్రీ అయిపోయింది, వెళ్లిపోయింది. ఆ నష్టంలో నా వాటా ఉంది.

పోయిన నెల మరో అమ్మాయి స్కార్ఫ్‌తో సెలక్షన్లకు బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. అభ్యంతరం చెప్పినాయన్ని రూల్ రాసిమ్మని అడిగాను. రాసివ్వలేదు. పిల్ల ఆడింది. మా జట్టు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది.

తిరుగు బస్సులో చివరి రైడ్ ఎవరి తప్పని ఊరొచ్చేదాకా కొట్లాడుకున్నారు. స్కార్ఫ్ మాట ఒక్కరూ ఎత్తలేదు.

జై భీమ్.