యార్క్ స్టేషన్‌లో అయిదు రోజులు

మా అమ్మాయికి పదిహేనేళ్ళు, ఇయర్ 10 చదువుతోంది. ఇక్కడ బ్రిటన్‌లో ఆ వయసు పిల్లలని చాలా స్కూళ్ళు ఒక వారం ఎక్కడైనా పని నేర్చుకుని రమ్మని పంపిస్తాయి. వర్క్ ఎక్స్‌పీరియన్స్ అంటారు. జీతం ఉండదు. మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా తెలిసిన డాక్టరుగారి సర్జరీకో, నాన్న ఆఫీసుకో వెళ్తుంటారు. నేను కూడా ఒక ఫార్మసీలో మాట్లాడి పెట్టాను. తీరా చూస్తే, ఇది నాతో చెప్పకుండా యార్క్ రైల్వే స్టేషన్‌కి అప్లికేషన్ పెట్టేసింది. అక్కడ కస్టమర్ సర్వీస్ నేర్చుకుంటుందట!

"ప్లాట్‌ఫాం నంబర్లు చెప్పడం నేర్చుకోవడానికి వారం రోజులు ఎందుకే?" అన్నాను.

"నీకు చెప్తే వద్దంటావని తెలుసమ్మా. అందుకే చెప్పలేదు" అంది. ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

మేముండేది లీడ్స్‌లో. అక్కణ్ణుంచి యార్క్‌కి రైల్లో సుమారు అరగంట. సోమవారం సెలవు పెట్టి నేనే దింపడానికి వెళ్ళాను. దాన్ని లోపలికి పంపించి, సాయంత్రం దాకా ఊరు చూద్దామని బయల్దేరాను.

యార్క్ వెళ్ళినవాళ్ళు మిన్‌స్టర్ చర్చి చూస్తారు, షాంబుల్స్ సందులో ఫొటోలు దిగుతారు. నన్నడిగితే ముందు స్టేషన్నే చూడమంటాను. ఎత్తయిన ఇనుప స్తంభాల మీద ఇనుము, గాజు కలిపి వేసిన కప్పు ఆ చివరి నుంచి ఈ చివరికి విల్లులా వంగి ఉంటుంది. 1877లో తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద స్టేషన్ ఇదేనట. అంతకుముందు 1841లో కట్టిన స్టేషన్ కోటగోడ లోపల ఉండేది. పట్టాలు అక్కడితో ఆగిపోయేవి కాబట్టి, ఇంకా ముందుకు పోవాల్సిన రైళ్ళు మళ్ళీ వెనక్కి బయటికి రావాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక గోడ బయట కొత్తది కట్టారు. పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు సిటీ కౌన్సిల్ ఆఫీసులున్నాయి.

స్టేషన్ నుంచి కొద్దిగా నడిస్తే నేషనల్ రైల్వే మ్యూజియం. ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్ళ వేగంతో పరుగెత్తి ఆవిరి ఇంజన్లలో ప్రపంచ రికార్డు సాధించిన నీలంరంగు మల్లార్డ్ అక్కడే ఉంది. అది చూసి, కోటగోడ మీద కాసేపు నడిచి, మిన్‌స్టర్ గోపురాలు కనిపించే చోట కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాను.

ఆ సాయంత్రం రైల్లో అమ్మాయి ఒకటే కబుర్లు. వయసు చిన్నది కాబట్టి రాంపు ముట్టుకోకూడదట, పసుపు గీత దాటకూడదట, ఎప్పుడూ స్టాఫ్ పక్కనే ఉండాలట. "ప్లాట్‌ఫాం వంపుగా ఉంది కదమ్మా, అందుకే కొన్నిచోట్ల రైలుకీ గట్టుకీ మధ్య సందు ఎక్కువ" అంది. పొద్దున నేను అందం చూసినచోట ఇది సందు చూసి వచ్చింది.

ఇంకా చాలా నేర్చుకుంది. 'నాకు తెలీదు' అని ఊరుకోకూడదు, 'కనుక్కుని చెప్తాను' అనాలి. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు వెనకున్న మనిషిని కాదు, వాళ్ళనే చూసి మాట్లాడాలి. చూపు లేనివాళ్ళ చెయ్యి పట్టి లాక్కుపోకూడదు, మన మోచెయ్యి అందిస్తే వాళ్ళే పట్టుకుంటారు. మెడలో పొద్దుతిరుగుడు పువ్వులున్న ఆకుపచ్చ తాడు కనిపిస్తే, వాళ్ళకి పైకి కనిపించని ఇబ్బందేదో ఉందని గుర్తు. వీటన్నిటికన్నా ముందు ఒక మాట అడగాలి: "సాయం కావాలా? ఎలా చెయ్యమంటారు?"

ఆ చివరిది నాకు కొంచెం వింతగా అనిపించింది. మన వైపు సాయమంటే అడగకుండా చేసేదే కదా. రైలెక్కుతుంటే ఎవరో చేతిలో పెట్టె అందుకుంటారు, ఇంకెవరో చంటిపిల్లని ఎత్తుకుంటారు, "కూర్చోమ్మా" అంటూ జరుగుతారు. అడిగితే పరాయితనం. అందులోని ఆప్యాయతని నేను తక్కువ చెయ్యను. అలా పెరిగినదాన్నే.

బుధవారం మాత్రం ఏడ్చిన కళ్ళతో ఇంటికొచ్చింది. మధ్యాహ్నం ఒక రైలు రద్దయిందట. ఒకాయన కోపంతో దీని మీదే అరిచాడట. ఇది బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చిందట. నాకు కడుపు మండిపోయింది.

"రేపు వెళ్ళొద్దు. నేను ఫోన్ చేసి చెప్తాను" అన్నాను.

అది నా వంక చూసి, "అక్కడ టీమ్ లీడర్ ఆవిడ నన్ను అడిగిందమ్మా" అంది. "ఇంటికెళ్తావా, ఆఫీసులో కాసేపు కూర్చుంటావా, నాతో వచ్చి ఆయనతో మాట్లాడతావా, నీ ఇష్టం అంది. నువ్వేమో చెప్పేశావు."

నాకు నోట మాట రాలేదు.

ఆయనతో మాట్లాడడానికే వెళ్ళిందట. ఎందుకు రద్దయిందో చెప్పేముందు, ఇప్పుడు ఏం చెయ్యొచ్చో చెప్పాలని ఆవిడ నేర్పింది. తరవాతి రైలు, ఎక్కడ మారాలి, ఏ ప్లాట్‌ఫాం అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది మా అమ్మాయి. ఆయన థాంక్స్ కూడా చెప్పలేదట, కాగితం తీసుకుని పరుగెత్తాడట. "పర్లేదు, రైలందింది" అని నవ్వింది. గురువారం వెళ్ళింది.

శుక్రవారం నేను కాస్త ముందే వెళ్ళి దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. చేతికర్రతో ఒక పెద్దావిడ వచ్చింది, పక్కన బరువైన సూట్‌కేసు. మా అమ్మాయి ఎదురుగా వెళ్ళి, కొంచెం వంగి ఏదో అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, సూట్‌కేసు తనే పట్టుకుని, రెండో చెయ్యి చాచింది. ఆవిడకి కావలసింది మోత కాదు, తోడు. ఇద్దరూ మెల్లగా నడిచి వెళ్ళారు. నేనైతే ముందు సూట్‌కేసు లాక్కునేదాన్ని.

ఒక్క మాట, మన ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు మీకు పనికొస్తుంది. ఇక్కడ రైళ్ళలో పాసెంజర్ అసిస్ట్ అని ఉంది. ఖర్చేమీ లేదు. ప్రయాణానికి కనీసం రెండు గంటల ముందు ఫోన్‌లో గానీ యాప్‌లో గానీ చెప్పుకుంటే, రైలెక్కించడానికి, దింపడానికి, రైలు మారడానికి స్టాఫ్ సాయం చేస్తారు. దానికి కార్డులేవీ అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా అడగొచ్చు. మొహమాటపడి, మెట్ల దగ్గర పెట్టెలతో అవస్థపడే మనవాళ్ళని ఎంతమందినో చూశాను. మా అత్తగారితో నేనూ పడ్డాను.

తిరుగు రైల్లో నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. వచ్చే ఏడాది ఎ లెవెల్స్‌కి సబ్జెక్టులు ఎంచుకోవాలి. కెమిస్ట్రీ, బయాలజీ, మాథ్స్ అని రెండేళ్ళ క్రితమే అనుకున్నాం. అనుకున్నది నేనూ, వాళ్ళ నాన్నా.

"ఎ లెవెల్స్‌లో నీకేం తీసుకోవాలనుంది?" అన్నాను.

అది అనుమానంగా చూసింది. "నిజంగా అడుగుతున్నావా?"

"నిజంగానే."

"జాగ్రఫీ. మాథ్స్ ఉంచుకుంటాను. మూడోది తెలీదు" అంది.

'జాగ్రఫీతో ఏమొస్తుంది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ బయటికి చూస్తూ మింగేశాను. లీడ్స్ వచ్చేదాకా అది మాట్లాడుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ఇంటికెళ్ళాక వాళ్ళ నాన్నతో ఎలా చెప్పాలో ఇద్దరం ఇంకా ఆలోచిస్తున్నాం.