మూడో అంతస్తులో గుడిసె

ఇల్లు అమ్మేశామని చెప్పడానికి నాకు పెద్ద కష్టం లేదు. ఇంట్లో సామానంతా ఏం చేశారని ఎవరైనా అడిగితేనే నోరు పెగలదు.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ పక్కన నల్లరేగడి పల్లెలో మా నాయన కట్టిన పెంకుటిల్లు అది. 2022 జూన్‌లో దాన్ని అమ్మి, విరుదునగర్‌లో కొడుకు ఇంటికి దగ్గరగా ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు వచ్చాము. ఫ్లాటు మొత్తం 620 చదరపు అడుగులు. ఊళ్ళో మా దొడ్డే అంతకన్నా పెద్దది. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు, నాకు చక్కెర జబ్బు. ఏటా పెంకులు తిప్పించడం, బావి పూడిక తీయించడం ఇద్దరివల్లా కాలేదు. కారణాలన్నీ సరైనవే.

మాది తెలుగు మాట్లాడే కథోలిక కుటుంబం. ఇంట్లో తెలుగు, గుడిలో తమిళం. రెంటికీ ఎప్పుడూ తగాదా రాలేదు. మా పెద్దలు పోయిన గుడి కామనాయక్కన్‌పట్టి పరలోకమాత గుడి. ఆగస్టు 15 తేరుకు చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. ఇటలీ నుంచి వచ్చిన బెస్కి స్వామి, తమిళులు వీరమామునివర్ అనే ఆయన, 18వ శతాబ్దం తొలి రోజుల్లో అక్కడ గురువుగా పనిచేశారు. ఆయన తమిళంలో రాసిన ‘తేంబావణి’ కావ్యానికి నాయకుడు సూసయప్పర్, అంటే యోసేపు. ఈ యోసేపు మాట మళ్ళీ వస్తుంది.

క్రిస్మస్‌కు కట్టేదాన్ని తమిళులు కుడిల్ అంటారు. మా ఇంట్లో అది గుడిసె. నడిమింట్లో ఎనిమిదడుగుల పొడవున ఒక మూలంతా అదే. డిసెంబరు మొదట్లో నాయన కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి సజ్జలు చల్లేవారు. పండగనాటికి పచ్చగా లేచేవి. అవే బేత్లెహేము పొలాలు. చెరువుకు ముఖం చూసుకునే అద్దం. చెట్టుకు సీమకరువేల ముళ్ళకొమ్మ. దానిమీద మా చేలో పండిన పత్తిని పింజలు పింజలుగా అంటించి మంచు అనేవాళ్ళము. మంచు ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

బొమ్మలు మదురై పక్క విళాచ్చేరివి. అక్కడివాళ్ళు నవరాత్రికి కొలువు బొమ్మలు చేస్తారు, క్రిస్మస్‌కు గుడిసె బొమ్మలూ చేస్తారు. మట్టి అదే, చేతులూ అవే. నాయన వాటిని ఒక్కసారిగా కొనలేదు. పత్తికి ధర పలికిన ఏడు ఒక బొమ్మ. వాన తప్పిన ఏడు బొమ్మ లేదు. అట్లా చేరినవి 23. ఏ బొమ్మ ఏ ఏడు వచ్చిందో మా ఇంట్లో అందరికీ నోటికి తెలుసు. ఒంటె మా పెళ్ళైన ఏడు వచ్చింది.

ఆ ఒంటెను నేను ఇచ్చేశాను.

సామాను టెంపోకు ఎక్కించే ముందురోజు ముగ్గురు రాజులు, ఒంటె, దేవదూతలు, గొర్రెల మంద, మొత్తం 17 బొమ్మల్ని ఊరి గుడికి ఇచ్చి వచ్చాను. కొత్త ఇంట్లో చోటెక్కడిదని నా వాదన. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు గనకే అడగలేదు. ఈ వయసులో అబద్ధమెందుకు.

డిసెంబరు ఒకటికే కింద వీధిలో స్టార్లు వెలిగాయి. చిన్నప్పుడు మేము వెదురు బద్దలు కట్టి, గాలిపటం కాగితం అంటించి, లోపల చిన్న దీపం పెట్టేవాళ్ళము. అప్పుడప్పుడు స్టారే అంటుకునేది, అదొక సంబరం. ఇప్పటివి మడిచిపెట్టే అట్ట స్టార్లు. బయటి గోడకు మేకు కొట్టకూడదని అపార్ట్‌మెంటు కట్టుబాటు గనక, ఒకటి తెచ్చి బాల్కనీ కమ్మికి పురికొసతో కట్టాను. సీరియల్ సెట్టు కిటికీకి వేలాడదీశాను. ఆమె చూసి ఊరుకుంది. 24వ తేదీ సాయంత్రం టీవీ బల్లమీద సామాను తీసి గుడిసె మాట ఎత్తగానే మాత్రం అనింది:

“ఈ గూట్లో గుడిసె యాడ పెట్టేది? ఒంటె లేని గుడిసె నాకొద్దు.”

ఆరునెలల్లో ఒంటె మాట రావడం అదే మొదలు. బడిపంతులుగా పనిచేసినవాణ్ణి కదా, చరిత్ర ఎత్తుకున్నాను. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసి ఫ్రాన్సిస్ స్వామి గుడిసె పెట్టినప్పుడు అక్కడ ఉన్నవి గడ్డితొట్టి, ఎద్దు, గాడిద, అంతే. ఒంటె లేదు అన్నాను.

“ఆయప్పకు పెండ్లి కాలేదు” అనింది.

నాకు జవాబు దొరకలేదు. దొరకనప్పుడు గొంతు పెరుగుతుంది కదా, ఇద్దరివీ పెరిగాయి. తలుపు తెరిచి ఉంది. ఎదురు ఫ్లాటు ఆవిడ గడపలో వచ్చి నిలబడి, “మీరు మాటాడేది మన మాట గదక్కా!” అనింది.

ఆరునెలలుగా ఎదురెదురు తలుపులు. పాలవాడి గురించి, మోటారు గురించి మాట్లాడుకున్నదంతా తమిళంలోనే. మా తలుపుమీద సిలువ చూసి ఆమె మమ్మల్ని తమిళులనుకుంది. ఆమె తమిళం విని మేమూ అట్లాగే అనుకున్నాము. పల్లెలో అయితే ఏ ఇంటి మాట ఏదో పసిబిడ్డకు కూడా తెలుసు.

వాళ్ళది సాత్తూరు పక్క. వాళ్ళూ ఇల్లు అమ్ముకొని వచ్చినవాళ్ళే. తొమ్మిది మెట్ల కొలువు ఇక్కడ మూడు మెట్లయిందట. మా ఊరు చెప్పగానే ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారి మాట వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన ఆయన, మనవాళ్ళు ఈ గడ్డకు వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’ పేరుతో 1976లో పుస్తకం చేశారు. చివరికి తానూ ఊరు వదిలి పుదుచ్చేరిలో ప్రభుత్వ క్వార్టరులో ఉండి, 2021లో కన్నుమూశారు. అంత్యక్రియలకు మాత్రం ఇడైసేవల్‌కే తెచ్చారు. నా భార్య అంతా వింటూ చీర కొంగుతో గాడిద బొమ్మ దుమ్ము తుడుస్తా ఉంది. ఎప్పుడు చేతికి తీసుకుందో నేను చూడలేదు.

ఎదురింటామె లోపలికి పోయి, మడత ఇనుప మెట్లూ, ఒక మట్టి ఏనుగునూ తెచ్చింది. “ఒంటె లేదక్కా, ఏనుగుంది. విళాచ్చేరిదే.”

బేత్లెహేములో ఏనుగేమిటని నా నోటిదాకా వచ్చింది. నా భార్య నవ్వింది గనక మింగేశాను. యోసేపు కుడిచెయ్యి టెంపోలో మణికట్టు దగ్గర విరిగింది. ఆమె అతన్ని కొంచెం పక్కకు తిప్పి, ఆ చేతిని ఏనుగు తొండం వెనక దాచింది. సజ్జలు చల్లడానికి వేళ లేదు. ఎదురింటామె కుండీలోంచి కొత్తిమీర తెంపుకొచ్చింది.

నడిరేయి పూజ అయ్యి ఇంటికి వచ్చాక బాలయేసును తొట్టిలో పెట్టడం మా ఆనవాయితీ. పెట్టేటప్పుడు “సామి పుట్టినాడు” అని అవ్వ కాలం నుంచీ తెలుగులోనే అంటాము. బడిలో తెలుగు అక్షరం చూడని మా మనవడు నాకన్నా ముందే అరిచాడు. ఎదురింటి తలుపు తెరిచిన చప్పుడైంది.

ముగ్గురు రాజుల పండగ దాటాక ఏనుగును తిరిగి ఇవ్వబోతే, నవరాత్రి దాకా మీ దగ్గరే ఉండనీయండి అనింది ఆమె. అది మా ఫ్రిజ్‌మీద నిలబడింది.

ఆ ఫిబ్రవరిలో ఊరికి వెళ్ళినప్పుడు, ఒంటెను తిరిగి అడుగుదామనే అనుకున్నాను. గుడి అలమారలో దాని మెడకు ఎవరో పిల్లలు జరీకాగితం చుట్టి ఉన్నారు. అడగలేకపోయాను. ఇంటికి వచ్చి ఆ సంగతి ఆమెకు చెప్పాను.

“ఏం రంగు కాయితం?” అని అడిగింది.