పాత బట్టకు కొత్త పేరు పెట్టిండ్రు

కొంచెం పొడుగు పోస్టు, తీరికగా చదవండి.

మేమంటే ఐదుగురం. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో బాయ్స్ హాస్టల్, ఇద్దరు చెల్లెళ్లు కొత్తపేటలో లేడీస్ హాస్టల్, ఒక అక్క ఎల్బీనగర్ అవతల హస్తినాపురంలో అన్నావదినల ఇంట్లో. నలుగురివి దేవరకొండ వైపు తండాలు, ఒకతనిది ఏటూరునాగారం దగ్గర కోయగూడెం. సాగర్ రోడ్డు మీద వచ్చే మనోళ్లకు హైదరాబాద్ అంటే మొదలు ఎల్బీనగర్, తర్వాత దిల్‌సుఖ్‌నగర్. 2018లో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట మెట్రో మొదలైనంక హైటెక్ సిటీ వైపు ఇంటర్వ్యూలకు పోవుడు సులువైంది. రైలు సులువైంది గానీ రైలెక్కేటప్పుడు ఏం తొడుక్కోవాలె అన్నది సులువు కాలేదు.

మన లెక్క మీకు తెల్వంది కాదు. హాస్టల్ ఫీజు, కోచింగ్, టెస్ట్ సిరీస్, జిరాక్సులు, బస్సు. ఇంటి నుంచి వచ్చేది పత్తి అమ్మిన పైసలు. ఆ లెక్కల బట్టలకు గీతే ఉండదు. కానీ ఇంటర్వ్యూకు ఫార్మల్స్ కావాలె, ఫేర్‌వెల్‌కు మంచి డ్రెస్ కావాలె, క్లాస్‌మేట్ పెండ్లికి ఒకటి కావాలె. మెయిన్ రోడ్డు షోరూంల బ్రాండ్ షర్ట్ చూస్తే రూ.2,000 దగ్గర ఉంటది. అది మా పది రోజుల తిండి.

అందుకే ఏడాదిన్నర సంది ఫోన్ల సెకండ్ హ్యాండ్ బట్టలు కొంటున్నం. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇన్‌స్టాగ్రామ్‌ల థ్రిఫ్ట్ పేజీలు. వ్యాన్ హ్యూసెన్ షర్ట్ రూ.350కి దొరికింది. లీవైస్ జీన్స్ రూ.500. కొత్తపేట చెల్లె రీతూ కుమార్ కుర్తా రూ.900కి పట్టింది, రెండుసార్లు కూడా తొడిగినట్టు లేదు. బ్లేజర్ ఒకటి రూ.1,100.

ఈ సంగతి ఇంట్ల చెప్పనీకి చాన రోజులు పట్టింది. ఎందుకంటే తండాల, గూడెంల పాత బట్ట అంటే ఎవరో ఇచ్చిన బట్ట. కూలికి పోయిన ఇంటోళ్లు పండుగకు ఇచ్చే పాత చీర, వాళ్ల కొడుకు వేసి వదిలిన అంగీ. మా కోయ తమ్ముడు నాలుగో తరగతిలో ఒక గీతల అంగీ వేసుకొని బడికి పోతే, పక్క బెంచీ పిలగాడు లేచి నిలబడి “అది నా అంగీ” అన్నడట. సార్‌తో సహా అందరూ నవ్విండ్రట. ఇప్పటికీ వాడు గీతల అంగీ కొనడు.

మేం ఐదుగురం దీని గురించి ఒక రాత్రి మస్తుసేపు మాట్లాడుకున్నం. ఇచ్చింది వేరు, కొన్నది వేరు. ఇచ్చినదాంట్ల మనకు ఎంపిక ఉండదు, సైజు అడిగే హక్కుండదు, చిరుగు ఉందని వాపస్ ఇయ్యలేం. కొన్నదాంట్ల అన్నీ అడగొచ్చు. బేరం చేయొచ్చు. వద్దనొచ్చు. వద్దనే హక్కు ఉన్నప్పుడు అది పాతదా కొత్తదా అన్నది పెద్ద విషయం కాదు. అట్ల అనుకున్నంక సిగ్గు పోయింది, పని మిగిలింది. ఆ పనిలో మేం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నం.

మొదలు, ఈ బట్టలు ఎక్కడివి అన్నది తెల్వాలె. కొన్ని మామూలు మనుషులవి: ఉద్యోగం మారి ఊరు వదిలేటోళ్లు, లావైనోళ్లు, ఒక్క పెండ్లికి కొని మూట కట్టినోళ్లు. కొన్ని ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అంటే ఫ్యాక్టరీల మిగిలిన సరుకు. ఇంకొన్ని విదేశాల నుంచి బేళ్లుగా వచ్చినవి. వాడిన బట్టలు దిగుమతి చేయనీకి మన దేశంల లైసెన్స్ కావాలె. గుజరాత్‌ల కాండ్లా దగ్గర వాటిని ఏరి మళ్లీ బయటి దేశాలకు పంపుతరు. పనికిరానివి, ముక్కలు చేసినవి హర్యానాల పానిపట్‌కు పోతయి. అక్కడ వాటిని దూదిలెక్క చింపి, నూలు తీసి, చవక దుప్పట్లు నేస్తరు. అంటే అమెరికాల ఒకడు వదిలిన కోటు ఇంకో పేదోని దుప్పటి అయితది. పాత బట్ట మనొక్కల దగ్గరికే రాదు, ప్రపంచమంతా తిరుగుతది.

ఇంక కొనే పద్ధతి. సైజు అక్షరాలు, ఎల్, ఎక్స్ఎల్, నమ్మొద్దు. బ్రాండ్ బ్రాండ్‌కు మారుతయి. మీకు మంచిగ కుదిరిన అంగీ ఒకటి నేల మీద పరిచి, చంక నుంచి చంకకు, భుజం నుంచి భుజానికి, మెడ కింది నుంచి అంచు దాకా టేపుతో కొలిచి ఫోన్ల రాసి పెట్టుకోండి. అమ్మేటోళ్లను అవే కొలతలు అడగండి. అన్నిట్ల ముఖ్యం భుజం. నడుము, పొడుగు, చేతులు ఆల్టరేషన్ టైలర్ సరిచేస్తడు. భుజం కుదరకుంటే ఎంత చవకైనా వదిలెయ్యండి. కుర్తాలు, లెహంగాలు అయితే లోపలి వైపు ఫొటో అడగండి. కుట్టు పక్కన బట్ట వదిలి ఉంటే కొంచెం వదులు చేసుకోవచ్చు.

ఫొటోలు పగటి వెలుతుర్ల తీయమనండి. కాలర్ లోపల, చంకలు, చేతుల అంచులు, జిప్, మెడ లేబుల్, పక్క కుట్టులో ఉండే ఉతుకుడు లేబుల్. “ఫస్ట్ కాపీ” అని రాసిండ్రంటే అది నకిలీ, దానికి బ్రాండ్ ధర ఇయ్యొద్దు. జేబు మీది గీతలు అంగీ గీతలతో కలిసినయా, గుండీ కుట్లు గట్టిగ ఉన్నయా చూడండి. లేబుల్ ఒక్కటే చూసి నమ్మొద్దు, లేబుళ్లు కూడా అమ్ముతరు.

ధర ఎప్పుడు దిగుతదో చూడండి. నెలాఖరుకు ఇండ్లు ఖాళీ చేసేటోళ్లు త్వరగా అమ్ముతరు. ఆషాఢంల పెండ్లిళ్లు ఉండయి, పెండ్లి బట్టలు అప్పుడే చూడాలె. అమ్మేటోళ్లు బ్రాండ్ పేరు తప్పుగ రాస్తే చానమందికి ఆ పోస్టు కనబడదు. అందుకే తప్పు స్పెల్లింగులతో కూడా వెతకండి.

పైసల విషయం గట్టిగ చెప్తున్నం. దగ్గరోళ్లయితే మెట్రో స్టేషన్ దగ్గర కలిసి, చూసి, తర్వాతనే ఇయ్యండి. చెల్లెళ్లు ఒక్కరే పోవద్దు. దూరపు పేజీ అయితే క్యాష్ ఆన్ డెలివరీ ఉందా అడగండి. మా పక్క రూం తమ్ముడు ఒక పేజీకి రూ.1,200 పంపితే రెండో రోజుకు పేజీనే లేదు. మీరు అమ్మేటప్పుడు “ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి, పిన్ కొట్టు, పైసలొస్తయి” అంటే ఫోన్ పెట్టెయ్యండి. పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలె. మోసం జరిగితే సిగ్గుపడి కూసోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఉంటది.

ఇదంతా చెప్పుకుంటనే పోవచ్చు. కానీ ఈ పోస్టు రాయనీకి అసలు కారణం వేరే.

మొన్న వేసవిల హస్తినాపురం అక్క చవక కుర్తాల కోసం చూస్తుంటే ఒక జాకెట్ కనబడ్డది. ఎర్ర బట్ట మీద అద్దాలు, గవ్వలు, పసుపు నల్ల దారం కుట్లు. కింద ఇంగ్లీషుల “వింటేజ్ బంజారా, చేతికుట్టు, ఒక్కటే పీస్” అని. ధర రూ.7,500. అక్క ఫొటో పెద్దగ చేసి చూసి, ఇది పేటియా నడుం పట్టీ, కోసి జాకెట్ చేసిండ్రు అన్నది. పేటియా అంటే తెల్వనోళ్లకు, మా ఆడోళ్ల గాగరా. ఇంకా వెతికితే బ్యాగులు, దిండు గలేబులు, గోడకు తగిలించేటివి. కాంచళి ముందు భాగం ఫ్రేం కట్టి అమ్ముతున్నరు. కుట్టిన ఆమె పేరు ఎక్కడా లేదు. తండా పేరు లేదు.

అప్పుడు మాకు తండాకు బండి మీద వచ్చే పాత బట్టలాయన యాదికొచ్చిండు. స్టీలు బేసిన్లు, ప్లాస్టిక్ బకెట్లు కట్టుకొని వస్తడు. పాత చీరలు, ప్యాంట్లతో పాటు పేటియాలు కూడా అడుగుతడు. రెండు పేటియాలకు ఒక బేసిన్. ఆయన మీద మాకు కోపం లేదు, ఆయనది కూడా పొట్టకూటి బతుకే. కానీ బేసినుకూ రూ.7,500కూ నడుమ ఎంతమంది చేతులున్నయో, అందుల ఒక్క చెయ్యి కూడా మనది కాదు.

అదే కుట్టుకు పేరు నిలబెట్టుకున్నోళ్లు కూడా ఉన్నరు. కర్ణాటకల బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైల హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డు అయ్యింది. వాళ్లు అమ్మేది పాతది కాదు, కొత్తగ కుట్టింది, సంఘం పేరుతోని. అది మన తాన కూడా కావొచ్చు.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు అక్క వాళ్ల దాది పెట్టె తెరిపించింది. రెండు పేటియాలు, ఒక కాంచళి మిగిలినయి. మిగతావి బేసిన్లు అయినయి. దాది ఇప్పుడు చీరనే కడ్తది. బస్సుల అందరూ చూస్తరని పేటియా మానేసింది. మేం అంగీ పాతదని సిగ్గుపడ్డం, ఆమె తన చేతితో కుట్టుకున్న కొత్తదానికే సిగ్గుపడాల్సి వచ్చింది. పెండ్లికి ముందు రెండేండ్లు కుట్టిందట దాన్ని. ఏ అద్దం ఎవరిచ్చిండ్రో కూడా చెప్పింది. అవన్నీ ఫొటోలు తీసి, మాటలు ఫోన్ల రికార్డు చేసినం.

రూ.7,500 ఇస్తరట, అమ్ముతవా అని అడిగినం. ఆ పైసలు దాదికి చిన్నవి కాదు, మోకాళ్ల మందులకే ఆర్నెల్లు వస్తయి. దాది కొంచెంసేపు ఊకుండి, “ఎవరు తొడుక్కుంటరో చూసి చెప్త” అన్నది.

ఆ మాట మీద మాలో మాకు ఇంకా తెగలేదు. అమ్మితే తప్పేంది, ఆమె కష్టం ఆమెకు రావాలె అని ఇద్దరం. మిగిలిన ఒక్కటి కూడా పోతే రేపు కొత్తగ కుట్టాలంటే చూసి నేర్చుకునేది ఏముంటది అని ముగ్గురం. ఒక్కదాంట్ల మాత్రం అందరం కలిసినం: అమ్మాలన్నా ఉంచాలన్నా ధర తెలిసి, కుట్టినామెనే చెప్పాలె. బేసినుకు పోవద్దు.

తీజ్‌కు ఇండ్లకు పోయేటోళ్లు పెట్టెలు తెరవండి. గోండు, కోయ, చెంచు మిత్రులు కూడా మీ ఇండ్లల్ల పాతవి ఏమున్నయో చూడండి. ఫొటో, చేసినవాళ్ల పేరు, ఊరు, ఎన్ని రోజులు పట్టింది, ఇవి రాసి పెట్టండి. గ్రూపుల పెట్టేముందు వాళ్లను అడగండి.

ఇంకో మాట. మా బ్లేజర్ 40 సైజు, నల్లది, ఇప్పటికి మూడు ఇంటర్వ్యూలకు ముగ్గురం తొడిగినం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇంటర్వ్యూ ఉన్నోళ్లు కామెంట్ పెట్టండి, తీసుకపోండి. శుభ్రం చేసి వాపస్ ఇస్తే చాలు, తర్వాతోళ్లకు పనికొస్తది.