పుస్తకంలో చేర్చని గుర్రం

పోయిన వేసవి సెలవుల్లో చిత్తూరు పక్కన మా బంధువుల పెళ్లికి పోయాం. భోజనాల దగ్గర నేను "పాయసం రొంబ బాగుండాది" అన్నాను. పక్కన కూర్చున్న పిల్లలంతా నవ్వారు. "రొంబ తమిళం కదా! మీరు అసలు తెలుగువాళ్లే కాదు" అన్నాడు ఒకడు. నాకు ముద్ద దిగలేదు. శివకాశి బస్సులో నేనూ అమ్మా మాట్లాడుకుంటుంటే "తెలుంగా?" అని తిరిగి చూస్తారు. ఇక్కడ మేము తెలుగువాళ్లం, అక్కడ తమిళవాళ్లం. మరి మేము ఎవరం?

ఇంటికి వచ్చాక తాతతో చెప్పి ఏడ్చాను. తాత వయసులో ఉన్నప్పుడు మద్రాసు గిండీ రేసుకోర్సులో గుర్రాలు చూసే పని చేశాడు. పొద్దున్నే నడిపించడం, రుద్దడం, దాణా పెట్టడం. తాత నవ్వి, "ఇంత దానికి ఏడుస్తా ఉండావా? మై బాబు కథ చెప్తా, విను" అన్నాడు. ఆ పేరు అక్కడి పాత పనివాళ్ల దగ్గర విన్నాడంట. మిగతా వివరాలు తర్వాత మా సారు కంప్యూటర్లో వెతికి చూపించారు.

పందెం గుర్రాలకు జనరల్ స్టడ్ బుక్ అని ఇంగ్లాండులో ఒక పుస్తకం ఉంది. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని అందులో రాస్తారు. 1913లో అక్కడి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. తల్లి వైపు, తండ్రి వైపు పూర్వీకులందరూ ముందే ఈ పుస్తకంలో ఉంటేనే కొత్త గుర్రాన్ని చేర్చుకుంటారు. దానికి జెర్సీ చట్టం అని పేరు వచ్చింది. అమెరికా గుర్రాలు తమ జాతిలో కలవకూడదని వాళ్ల ఉద్దేశం. అమెరికాలో చాలా గుర్రాలకు పాత లెక్కలు సరిగా లేవు. అలాంటి వాటిని 'హాఫ్ బ్రెడ్', అంటే సగం జాతివి అన్నారు. పరిగెత్తనిచ్చేవారు గానీ పుస్తకంలో రాసేవారు కాదు. పుస్తకంలో లేకపోతే వాటి పిల్లలకు విలువ ఉండదు.

మరుసటి సంవత్సరమే, 1914లో, దర్బార్ అనే గుర్రం ఇంగ్లాండు డెర్బీ గెలిచింది. దాని తల్లి వైపు అమెరికా రక్తం ఉంది. కాబట్టి అది సగం జాతి! దర్బార్ కూతురు డర్బన్. డర్బన్ కొడుకు టూర్బిలాన్. టూర్బిలాన్ కొడుకు జెబెల్. జెబెల్ కొడుకే మన మై బాబు. 1945లో ఫ్రాన్స్‌లో పుట్టింది.

దాని యజమాని బరోడా మహారాజు ప్రతాప్ సింగ్ గైక్వాడ్. ఆయన భార్య సీతాదేవి మన తెలుగు ఆమే, పిఠాపురం రాజావారి కూతురు. వాళ్లిద్దరికీ 1943లో మద్రాసు గుర్రప్పందేల దగ్గరే పరిచయం అయిందని చెబుతారు. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది కదా, ఆ పేరు ఆమె తండ్రిదే. ఇది విని మా సారే ఆశ్చర్యపోయారు.

మై బాబుకు శిక్షణ ఇచ్చింది శామ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1948లో న్యూమార్కెట్‌లో టూ థౌజండ్ గినీస్ అనే పెద్ద పందెం జరిగింది. దూరం ఒక మైలు. చార్లీ స్మర్క్ స్వారీ చేశాడు. మై బాబు 1 నిమిషం 35.8 సెకన్లలో పరిగెత్తి గెలిచింది. అప్పటికి ఆ పందెంలో అదే రికార్డు. తర్వాత డెర్బీలో అందరూ దాని మీదే ఆశ పెట్టుకున్నారు, కానీ నాలుగోది అయింది. ఓడిపోయిన మాట కూడా చెప్పాలి కదా. అదే సంవత్సరం ససెక్స్ స్టేక్స్ గెలిచింది. సెంట్ లెజర్ పందెం గెలిచిన బ్లాక్ టార్క్విన్ కూడా పుస్తకంలో లేని గుర్రమే, అమెరికాలో పుట్టింది.

ఇంక పెద్దలు ఏం చేస్తారు? పుస్తకంలో లేనివి గెలుస్తుంటే పుస్తకానికే మర్యాద పోతుంది. 1949లో ఆ కట్టుబాటును సడలించారు. మై బాబు వంశానికి పుస్తకంలో చోటు దొరికింది.

తర్వాత దాని కొడుకు అవర్ బాబు 1955లో అదే టూ థౌజండ్ గినీస్ గెలిచింది. మై బాబును అమెరికాకు తీసుకుపోయారు. అక్కడ దానికి పుట్టిన ఒక ఆడపిల్ల పేరు ఏమిటో తెలుసా? కేరళ! ఆ కేరళ కొడుకు డమాస్కస్ 1967లో అమెరికాలో ఆ ఏడాది మేటి గుర్రం అయింది. ఏ దేశం రక్తం వద్దన్నారో ఆ దేశంలోనే మనవడు మొదట నిలిచాడు.

ఇంకొక విచిత్రం. ఇంగ్లాండువాళ్లు 'మా జాతి' అన్న ఆ గుర్రాల మూల పురుషులు మూడు. ఆ మూడూ తూర్పు దేశాల నుంచి తెచ్చినవే. పుస్తకం మొదటి పుటలోనే బయటివాళ్లు ఉన్నారు! అది నాకు రొంబ నచ్చింది. ఈ మాట కావాలనే రాశాను.

మా పెద్దలు ఎన్నో తలల ముందు ఉత్తరం నుంచి ఈ నల్లరేగడి నేలకు వచ్చారు. ఊరి పేరు మారింది, తిండి మారింది, ఇప్పుడు పొలం పని పోయి పటాసుల పని వచ్చింది. మా అమ్మ కూడా ఆ పనికే పోతుంది. మాటలో తమిళం కలిసింది. అయినా రాత్రి నిద్రపుచ్చేటప్పుడు అవ్వ చెప్పే కథ తెలుగులోనే ఉంటుంది.

నేను ఇప్పుడు పదో తరగతి. వచ్చే ఏడు తమిళ మీడియంలో చేరాలని నాయన అంటున్నాడు. చేరతాను. తమిళం కూడా నా భాషే. కానీ తెలుగు రాయడం మానను.

మా తాతకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఆయన బడికి పోయిన కాలంలో ఊళ్లో తెలుగు నేర్పేవాళ్లు లేరు. ఈ వ్యాసం అచ్చు అయితే మన పత్రిక తీసుకుపోయి నేనే చదివి వినిపిస్తాను. తాత చెప్పిన కథ తెలుగు అక్షరాల్లో ఒక పుస్తకంలో చేరిందని ఆయనకు తెలియాలి.